మోగని ఇనుము

కాజీపేట ప్రభుదాసు ఫోను చెయ్యలే, తానే అచ్చిండు
కాశిబుగ్గల నా రేకుల షెడ్డుకు,
విరిగిన స్టాండు కాళ్లు గోనెసంచిల ఏసుకొని.
"పరకాల పెండ్లిల పడ్డదే ఓదెలన్నా.
రేగడి మీద టెంటు. నడిజాము. మంచు.
ఒక్క కాలు మెల్లమెల్లగ దిగవడ్డది.
సునంద చరణం ఎత్తుకున్నదో లేదో
పెట్టె బోర్ల వడ్డది.
పెండ్లికొడుకు చిన్నాయన కాలు
ఎంటికవాసిల తప్పింది."

దుకాణంల కొన్నవి అవి.
సదును నేల మీద, చల్లటి హాళ్లల్ల నిలవడ పుట్టినవి.
మా దిక్కు నేల సంగతి వాటికేమెరుక?
భూపాలపల్లికి పోతె బొగ్గు దుమ్ము,
జమ్మికుంటల పత్తి ఏరిన చెల్క,
కొన్ని ఊర్లల్ల ట్రాక్టరు ట్రాలీనే స్టేజి.

"ఎత్తెంత?" అన్న.
సుద్దముక్క నా చేతికిచ్చి గోడకు నిలవడ్డడు.
"నా నెత్తి కాడ గీత గియ్యి. దానిమీద జానెడు.
ముందట కూసున్నోళ్ల మీదికెల్లి పోవాలె పాట,
ఎనుక గాడిపొయ్యి కాడ వంటోళ్ల చెవుల పడాలె."
వంటోళ్లను సుత లెక్కల పట్టిండు.
నేను అడ్వాన్సు అడుగుడు మర్చిపోయిన.

ఎండిపోయిన చేతిబోరింగులకెల్లి గుంజిన పైపులు
తుక్కు దుకాణంల కిలో లెక్క దొరికినయి.
కోస్తుంటె లోపట ఇంకా నీళ్ల వాసన.
జింకు పూత కాలితె తెల్లటి పొగ, నాలిక మీద తియ్యగ,
రాత్రికి చలిజ్వరం.
పచ్చిపాలు తాగి మల్ల కూసున్న.
మూడు గాదు, నాలుగు కాళ్లు.
దేని పొడుగు దానికే, పిన్ను గుంజి దించుకునేటట్టు.
అడుగున తినే పళ్లెమంత ప్లేటు,
ప్లేటు కింద లారీ ట్యూబు రబ్బరు.
రసమట్టం పెడితె బుడగ నడుమల నిలిచింది.

పెట్టె ఎక్కించిండ్రు.
లతీఫ్ బేస్ గిటారు ఒక్కొక్క తీగె మీటిండు.
మూడో తీగె మీద ఒక్క సురం కాడ
నా స్టాండు ఊఁ అన్నది.
మల్ల మీటితె మల్ల.
"అన్నా, నీ ఇనుము పాడుతాంది" అని సునంద నవ్వింది.
నాకు నవ్వు రాలే.
పాడుడు దాని పని గాదు.

మా నాయిన బట్టల మిల్లుల
ఇరువై ఏండ్లు సాంచెల నడుమ నిలవడ్డడు.
ఇంట్ల సుత ఒర్రుకుంటనే మాట్లాడేది.
మేం నవ్వితె పెదవులు చూసి
జెర ఆలిశంగ నవ్వేది.
"సాంచె ఎగిరితె నేల ఎగురుతది,
నేల ఎగిరితె ఎముక ఎగురుతది.
కాళ్ల కింద ఇసుక వొయ్యిండ్రని చెప్పిన,
ఎవడిన్నడు?"

ఆ రాత్రి పైపులు నిలవెట్టి
పెంకల ఏంచి ఆరవెట్టిన వాగు ఇసుక
గరాటతోటి పోసిన.
పొయ్యుడు, కట్టెతోటి తట్టుడు,
బోలు చప్పుడు పోయి మొద్దు చప్పుడు అచ్చేదాక.
నీళ్లు ఎక్కిన తొవ్వల ఇసుక దిగింది.

తెల్లారి లతీఫ్ అదే సురం మీటిండు.
షెడ్డు రేకు అదిరింది, గిలాసల చాయ అదిరింది,
నా పండ్లు అదిరినయి.
స్టాండు మీద చెయ్యి పెట్టిన.
గుట్ట తీరుగ ఉన్నది.
ఒక్కొక్కటి ముప్పై కిలోలు.
మోసే పోరగాండ్లు తిట్టుకుంటరు.
తిట్టనియ్యి.

నర్సంపేట రిసెప్షనుకు నన్ను సుత పిలిచిండ్రు.
స్టాండ్లకు నల్లగుడ్డ చుట్టిండ్రు, ఎవలకూ కనవడయి.
నేను పోయి గాడిపొయ్యి కాడ నిలవడ్డ.
సునంద గొంతు పొగలకెల్లి నడిచి అచ్చింది.
బగారా కలిపే ముసలాయన గరిటె ఆపి,
ఏమనుకున్నడో, మల్ల కలిపిండు.

భోజనాలైనంక నాలుగో స్టాండు కాడ గుడ్డ లేపి చూసిన.
ప్లేటు కింద మడతవెట్టిన శుభలేఖ.
పిన్ను గుంజుడు తెల్వని పోరడెవడో
రెండు నూళ్ల తేడాకు చెక్కిండు.
పెండ్లిపిల్ల పేరు సగమే కనవడుతాంది.
తీద్దామని వంగిన.
బుడగ సరిగ్గ నడుమలనే ఉన్నది.
గుడ్డ దించి అవుతలికచ్చిన.